పెన్సిల్ పేజీలు

కాగితం ముక్క నేల మీద పడి ఉంది.

గది తలుపు తోయగానే, లైటు వేయకముందే, ఆమె కళ్లు వెతికేది దాన్నే. వేలిగోరంత తెల్ల కాగితం. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఇనుప బీరువా రెండో సొరుగు మూస్తూ సందులో దాన్ని ఇరికించి, తాళం వేసి వెళ్తుంది. ఎవరు సొరుగు లాగినా అది జారి కింద పడాలి. పదకొండేళ్లుగా పెడుతోంది. ఇన్నేళ్లలో ఒక్కసారే పడింది, అదీ బీరువా జరిపి గది కడిగిన రోజున. ఈరోజు బీరువా ఎక్కడిదక్కడే ఉంది. సొరుగుకు తాళం వేసే ఉంది. బీరువా మీద సుద్దముక్కల పెట్టెలో, అడుగున దాచిన తాళంచెవి కూడా దాచిన చోటే ఉంది. అంటే వచ్చినవాళ్లెవరో తీసి, చూసి, మళ్లీ తాళం వేసి, చెవి యథాస్థానంలో పెట్టి మర్యాదగా వెళ్లారన్నమాట. ఆ మర్యాదే ఆమెకు నచ్చలేదు.

సంచి భుజం మీద ఉండగానే సొరుగు లాగింది. ఆరో తరగతి ఫైళ్లు, ఎనిమిదో తరగతి ఫైళ్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఏడో తరగతివి మాత్రం వెనకాముందయ్యాయి. లెక్కపెట్టింది, ముప్పై ఒకటి. తన లెక్క మీద తనకే నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. ఒక్కటీ పోలేదు. పోయినా బాగుండేది, ఏది పోయిందో చూసి ఎవరు తీశారో చెప్పేది.

ఆమెకు యాభై అయిదేళ్లు. సన్నటి మనిషి. మెడ మీద, కాలరుకు సరిగ్గా పైన, అడ్డంగా గీసిన గీతలా ఒక మచ్చ. పదిహేనేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దానితో పాటు గొంతూ పోయింది. అంతకుముందు ఆమె సైన్సు పాఠం చెబితే పక్క క్లాసు వాళ్లు కూడా రాసుకునేవాళ్లని చెప్పుకునేవారు. ఆపరేషన్ తర్వాత ఆమె మాట మొదటి బెంచీ దాటలేదు. తీసేయడానికి మనసొప్పక, ఉంచడానికి పని లేక, అప్పటి ప్రిన్సిపాల్ ఆమెతో ఒక డిప్లొమా చదివించి, ఆటసామాన్ల గది పక్కనున్న ఈ గదిలో కూర్చోబెట్టాడు. తలుపు మీద కౌన్సెలర్ అని రాయించాడు. పిల్లలు వారం తిరక్కుండా గుసగుస టీచర్ అని పేరు మార్చేశారు.

మెల్లగా మాట్లాడేవాళ్ల మనసు మెత్తగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. అది వాళ్ల పొరపాటు. ఆమె ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. 'ఏం లేదు టీచర్' అన్న పిల్లను ఆమె ఎప్పుడూ నమ్మలేదు, 'ఏదో ఉంది టీచర్' అన్న పిల్లను అంతకన్నా నమ్మలేదు. ఇంట్లోనూ అంతే. భర్త బి.పి. మాత్ర వేసుకున్నానంటే సరే అని తలూపి, ఆయన స్నానానికి వెళ్లగానే మాత్రల అట్ట తిప్పి చూస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే వేసుకోని రోజున ఒక మాత్ర తీసి పూలకుండీలో పాతేస్తాడు. ఆ మొక్కకు మాత్రం బి.పి. ఇంతవరకూ రాలేదు. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతురు ఒకసారి ఫోన్‌లో మొహమాటం లేకుండా చెప్పేసింది. "అమ్మా, నీకేదైనా చెప్తే విన్నట్టు ఉండదే. విచారణ చేసినట్టు ఉంటుంది."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆమె ఊరికే ఇలా అయిపోలేదు. పదకొండేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు ఏడుస్తూ వచ్చి, డ్రాయింగ్ మాస్టారు రిజిస్టరు విసిరితే పెదవి చిట్లిందని చెప్పారు. నెత్తురు కనిపిస్తూనే ఉంది. ఆమె వెంటనే, పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చింది. మాస్టారు ఆ వారమే వెళ్లిపోయాడు. మూడు నెలల తర్వాత ఆ పిల్లల్లో ఒకతి, తామిద్దరం కొట్టుకున్నామని, తిట్లు పడతాయని అలా చెప్పామని ఒప్పుకుంది. అప్పటికి మాస్టారు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ఆనాటి నుంచి పిల్లలు చెప్పిందేదైనా పెన్సిల్‌తో రాస్తుంది. విచారించి నిజమని తేలాక ఆ అక్షరాల మీదే పెన్నుతో దిద్దుతుంది. తేలకపోతే రబ్బరు ఉండనే ఉంది. ఆ పద్ధతి ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదింటికి తలుపు బయట గోడకు తగిలించిన రేకు పెట్టె తెరిచింది. మాట్లాడాలనుకున్న పిల్లలు అందులో చీటీ వేయాలి. ఈరోజు నాలుగున్నాయి. ఒకటి ఖాళీది. ఒకటి 'గుసగుస టీచర్‌కి మైకు కొనివ్వండి'. ఒకటి ఆరో తరగతి పిల్ల, పక్కన కూర్చునే దాని కాళ్లు కంపు కొడుతున్నాయి కాబట్టి బెంచీ మార్చమని. ఇంకొకటి లెక్కల మాస్టారు అన్యాయంగా మార్కులు కోస్తున్నాడని, చేతిరాత గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాసింది. ఆమె రెండు నిమిషాల్లో గుర్తుపట్టింది. వెతికిన చీటీ మాత్రం లేదు. ఏడో తరగతి పిల్ల ఒకతి ప్రతి మంగళవారం నాలుగు మడతలు పెట్టిన చీటీ వేసేది. అయిదు వారాల తర్వాత మొదటిసారి వేయలేదు. చెప్పడానికి కొత్త కథ దొరికి ఉండదు, అనుకుంది.

ఆ పిల్ల ఈ ఏడే చేరింది. చిన్నది, ఈ మధ్యే ఊడిన పన్ను స్థానంలో సగం వచ్చిన కొత్త పన్ను. కూర్చున్నంతసేపూ చేతులు ఊరుకోవు. మొదటి రోజే బల్ల మీది డబ్బాలోంచి ఒక పెన్సిల్ తీసి చెక్కడం మొదలుపెట్టి, చెక్కుతూనే చెప్పింది.

"మా నాన్న వస్తున్నాడు టీచర్. బడి వదిలినప్పుడు ఎదురుగా నిలబడతాడు. బూడిదరంగు కారు."

"మాట్లాడాడా నీతో?"

"లేదు. చూస్తాడంతే. పోయినసారి కూడా ముందు చూశాడంతే."

పోయినసారంటే, పాత బడి దగ్గర. గేటు ముందు నుంచి ఎక్కించుకుని వెళ్లి, పదకొండు రోజులు ఎక్కడెక్కడో గదుల్లో ఉంచాడట. తలుపుకు బయట గొళ్లెం. తర్వాత వాళ్లమ్మ పోలీసులతో వచ్చి తెచ్చుకుందట.

"అమ్మకు చెప్పావా?"

పెన్సిల్ మొన పుటుక్కున విరిగింది. "చెప్తే మళ్లీ ఊరు మార్చేస్తుంది టీచర్. ఇది నాలుగో బడి. ఇక్కడ నాకొక ఫ్రెండ్ ఉంది. మీరే ఏదో ఒకటి చెయ్యండి. గేటు దగ్గర చెప్పండి." మెడ చాచి చూసి, "ఎందుకు టీచర్ పెన్సిల్‌తో రాస్తున్నారు?" అంది.

"తర్వాత పెన్నుతో దిద్దుతాలే."

"ఎప్పుడు?"

"తీరిక దొరికినప్పుడు."

గదిలోకి వచ్చిన ప్రతి పిల్లకూ ఆమె మొదట చెప్పే మాట ఒకటుంది. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు ఎవరివల్లనైనా ప్రమాదముందని తెలిస్తే మాత్రం దాచను. ఆ లెక్కన ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేయాలి. చేయి ఫోన్ దాకా వెళ్లి ఆగింది. డ్రాయింగ్ మాస్టారు గుర్తొచ్చాడు. బళ్లు మారే పిల్లలు కథలు అల్లుతారు, లేని నాన్నను గేటు ముందు నిలబెట్టుకుంటారు, అలాంటివి ఎన్ని చూడలేదు! అబద్ధమైతే ఈ పిల్లకు అనవసరంగా ఇంకో బడి మారుతుంది. ముందు విచారిద్దాం.

విచారించింది. పాత బడికి ఫోన్ చేస్తే హెడ్మాస్టరు స్వయంగా మాట్లాడాడు. నిండైన గొంతు. "మా దగ్గర అలాంటిదేమీ జరగలేదండీ. ఆ అమ్మాయి వ్యాసాలు బాగా రాస్తుంది. ఊహ కాస్త ఎక్కువ." ప్రపంచంలో అందరినీ అనుమానించే మనిషి ఆయన్ని మాత్రం అనుమానించలేదు. ఆయన మాట ఫైల్లో నేరుగా పెన్నుతో రాసింది. తర్వాత వాచ్‌మన్‌ను అడిగింది, బడి వదిలే వేళకు బూడిదరంగు కారు ఏదైనా వచ్చి ఆగుతోందా అని. లేదు మేడం అన్నాడు. రెండు సాయంత్రాలు మెట్ల కిటికీ దగ్గర తనే నిలబడి చూసింది. కారు లేదు. మూడో వారం ఆ పిల్ల, "ఇంకా తీరిక దొరకలేదా టీచర్?" అని అడిగితే నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు ఆమె తలనిండా ఉన్నది ఆ పిల్ల కాదు, సొరుగు. ముందు ఆయమ్మను పట్టుకుంది. ఏడున్నరకు గదులన్నీ తెరిచేది ఆమే.

"పొద్దున నా గదిలోకి ఎవరెళ్లారు?"

"నేనే, ఊడవడానికి. ఏం పోయిందమ్మా?"

"ఏం పోలేదు."

"ఏం పోకుండానే దొంగని వెతుకుతున్నారా?" ఆయమ్మ చీపురు నేలకేసి రెండుసార్లు కొట్టి ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా బడంతా తెలిసిపోతుంది. తెలియనీ, తీసినవాళ్లు ఉలిక్కిపడతారు.

రెండోవాడు వైస్ ప్రిన్సిపాల్. ఫైళ్లు తనకూ చూపించాలని ప్రతి మీటింగులోనూ అడుగుతాడు. కానీ ఆయన వంగి రెండో సొరుగు తీయాలంటే నడుం పట్టేస్తుంది. మూడోవాడు కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు. మొన్ననే వచ్చి, "పిల్లలు నా గురించి ఏమైనా చెప్తున్నారా?" అని అడిగాడు. ఏడో తరగతికి లెక్కలు చెప్పేదీ ఆయనే. ఇంకేం కావాలి!

రెండో పీరియడు తర్వాత ఆఫీసు వరండాలో వెళ్తుంటే ఆ ఏడో తరగతి పిల్ల గుమాస్తా బల్ల దగ్గర ఫోన్ పట్టుకుని, గోడవైపు తిరిగి మాట్లాడుతూ కనిపించింది. కడుపునొప్పట, అమ్మతో మాట్లాడాలందట, గుమాస్తా చెప్పాడు. మూడో పీరియడు లెక్కల పరీక్ష. కడుపునొప్పికి టైంటేబుల్ బాగా తెలుసే, అనుకుంటూ ఆమె వెళ్లిపోయింది. ఆ పిల్ల తిరిగి చూసింది కానీ నవ్వలేదు.

తర్వాత ఒక తండ్రి వచ్చి, కొడుక్కి చదువు మీద శ్రద్ధ కలిగేలా ఒక గంట ఏదైనా చెప్పమని అడిగాడు. ఆయన మాట్లాడినంతసేపూ తన ఫోనే చూసుకున్నాడు. ఆరో తరగతికి ఒక పీరియడు తీసుకుంది. పాఠం, స్నేహితుల మధ్య నమ్మకం. పిల్లలను జంటలుగా చేసి, ఒకరి కళ్లకు గంత కట్టి ఇంకొకరిని నడిపించమంది. ఇద్దరు గోడకు గుద్దుకున్నారు. కావాలనే గుద్దించారని ఆమెకు తెలుసు.

భోజనాల వేళ స్టాఫ్ రూమ్‌లోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఇది రోజూ ఉండేదే, ఆమె ఏం విన్నా మోసుకెళ్లి ప్రిన్సిపాల్ చెవిన వేస్తుందని వాళ్ల నమ్మకం. కానీ ఈరోజు ఆగిన తీరు వేరుగా అనిపించింది. డబ్బా తెరిచి, లెక్కల మాస్టారుకు ఎదురుగా కూర్చుంది.

"మీ గురించి నా ఫైల్లో ఏముందో మీకీపాటికి తెలిసే ఉంటుంది."

ఆయన చెంచా కింద పడింది. "నాకెలా తెలుస్తుంది మేడం? ఏముంది?"

"మీకు తెలియాలి."

"నేనేం చేశాను మేడం?" పాపం ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. దొరికాడు అనుకుంది. ఆ పూట ఆమెకు అన్నం సహించింది.

మూడింటికి ప్రిన్సిపాల్ పిలుస్తున్నారని కబురొచ్చింది. లెక్కల మాస్టారు ముందే వెళ్లి మొరపెట్టుకుని ఉంటాడు, సరే, అక్కడే తేల్చుకుందామని జుట్టు సవరించుకుని వెళ్లింది. గదిలో లెక్కల మాస్టారు లేడు. ఒకామె నిలబడి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆసుపత్రి ల్యాబు తెల్లకోటు మడిచి మోచేతి మీద వేసుకుంది. ప్రిన్సిపాల్ గబగబా టి.సి. మీద సంతకం పెడుతున్నాడు. మామూలుగా ఆ కాగితానికి వారం తిప్పే మనిషి, గొడవ గేటు దాటి పోతుందంటే పది నిమిషాల్లో ఇచ్చేస్తున్నాడు.

"మీరేనా కౌన్సెలరు?" అంది ఆ తల్లి. "నా కూతురు మీకు చెప్పి ఎన్నాళ్లయింది?"

ఆమె నీళ్లు నమలలేదు. "అయిదు వారాలు."

"అయిదు వారాలు," అని ఆ తల్లి మెల్లగా అంది. అరిచినా బాగుండేది. "నిన్న సాయంత్రం మా వీధి చివరిదాకా దాని వెనకే నడిచొచ్చాడట. ఇల్లు కూడా తెలిసిపోయింది. ఇందాక ఫోన్ చేసి చెప్పింది. ఎప్పట్నించే అంటే, టీచర్‌కి ఎప్పుడో చెప్పానంది."

"పాత బడిలో కనుక్కున్నానమ్మా. అలాంటిదేం జరగలేదన్నారు."

"వాళ్ల గేటు ముందే కదా మేడం తీసుకెళ్లిపోయాడు. వాళ్లెందుకు ఒప్పుకుంటారు?"

ఆ హెడ్మాస్టరు నిండైన గొంతు గుర్తొచ్చింది. ఇంత చిన్న అనుమానం, అందరి మీదా వచ్చే అనుమానం, ఆ ఒక్క గొంతు మీద ఎందుకు రాలేదు?

"అయిదు వారాల ముందు తెలిసుంటే," అంది ఆ తల్లి, "కోర్టు కాగితం తెచ్చి మీ గేటుకి అతికించేదాన్ని. నా డ్యూటీ మార్పించుకుని రోజూ నేనే వచ్చి తీసుకెళ్లేదాన్ని. ఇల్లు తెలియక ముందు ఏదైనా చెయ్యొచ్చు. దాన్ని ఇక్కడే ఉంచేదాన్ని మేడం. ఇక్కడ దానికి బాగుంది." కాగితం అందుకుని మడిచింది. ఏ బడికి వెళ్తున్నారో రాయాలి, ఫైలు పంపాలి అని ప్రిన్సిపాల్ అంటే, "ఎవరికీ చెప్పను," అంది. "పెట్టెలు సర్దడం ఎంతసేపు? సగం ఎప్పుడూ విప్పనే విప్పం."

ఆ పిల్ల వరండా బెంచీ మీద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"సొరుగు నేనే తీశాను టీచర్. పొద్దున. మీరు తాళంచెవి ఎక్కడ పెడతారో నాకు తెలుసు."

"ఎందుకమ్మా?"

"మీకు తీరిక దొరికిందేమో చూద్దామని." కాళ్లు ఊపడం ఆపింది. "వేరేవాళ్లవి కూడా చూశాను, సారీ టీచర్. వాళ్లవి కొన్ని పెన్నుతో ఉన్నాయి. నావన్నీ పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఆ హెడ్మాస్టరు సార్ చెప్పింది మాత్రం పెన్నుతో ఉంది."

నమ్మాను అనడం ఎంత తేలికో! పిల్లలు ఆ మాటతో సర్దుకుపోతారు కూడా. కానీ ఈ పిల్ల ముందు ఇంకో అబద్ధం చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

"నమ్మలేదు తల్లీ. తప్పు నాదే."

"పర్లేదు టీచర్," అంది ఆ పిల్ల.

పిల్లల నోట 'పర్లేదు' అనే మాటను ఆమె ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మలేదు. ఈసారి మాత్రం ఆమె అనుమానం సరైనదే.

ముందు గేటు వద్దని, నీళ్ల ట్యాంకు పక్కగా ఉన్న వెనక గేటుకు తనే తాళం తీసి తల్లీకూతుళ్లను తీసుకెళ్లింది. టాక్సీ ఆగి ఉంది. ఆ పిల్ల ఏడో తరగతి కిటికీల వైపు ఒకసారి చూసింది. లోపల ఆ ఫ్రెండు ఏ నోట్సు రాసుకుంటోందో, తలెత్తలేదు. తల్లి తలుపు తీసింది, ఇద్దరూ ఎక్కారు, టాక్సీ మలుపు తిరిగిపోయింది. ఒక పిల్ల బడి నుంచి వెళ్లిపోవడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టలేదు.

గంట కొట్టే వేళకు ఆమె ముందు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన నిలబడింది. ఎదురుగా పుస్తకాల దుకాణం ముందు, తల్లిదండ్రుల మధ్యలో ఒకాయన. ఇస్త్రీ చొక్కా, నెరుస్తున్న జుట్టు. ఎవరి నాన్నైనా కావచ్చు. పిల్లలంతా బయటికొచ్చి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆయన మాత్రం గేటులోకే చూస్తున్నాడు.

"ఆయనెవరు?"

"ఆయనా? నెల పైనుంచి వస్తున్నారు మేడం. ఎవరో పాప నాన్న. మంచాయన, రోజూ పలకరిస్తారు."

"నేనడిగితే లేదన్నావే?"

"మీరు కారు గురించి అడిగారు మేడం. ఆయన నడిచే వస్తారు."

అవును, కారు గురించే అడిగింది. పిల్లలను అవును, కాదు అనే జవాబొచ్చే ప్రశ్నలు అడగకూడదని ప్రతి ఏటా కొత్త టీచర్లకు పాఠం చెప్పేది ఆమే. ఏం చూశావో చెప్పు అని అడిగుంటే ఈ ముసలి వాచ్‌మన్ నెల కిందటే అంతా చెప్పేవాడు.

ఆమె చూపు కదలకపోవడం దుకాణం ముందున్నాయన గమనించాడు. గడియారం చూసుకుని, పక్క సందులోకి తిరిగాడు. ఆమె రోడ్డు దాటి, ఆయాసపడుతూ సందు మొదటికి చేరేసరికి బూడిదరంగు కారు కదిలిపోతోంది. నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకుంది. పోలీసులకు ఫోన్ చేసింది. "గట్టిగా మాట్లాడండమ్మా, వినపడ్డం లేదు," అన్నారు అవతల. మళ్లీ చెప్పింది. మూడోసారికి గేటు దగ్గరికి తిరిగొచ్చి వాచ్‌మన్‌కు ఫోన్ ఇచ్చి, తను చెబుతుంటే అతనితో గట్టిగా చెప్పించింది.

గదికి వచ్చేసరికి కారిడార్ ఖాళీ. సొరుగులోంచి ఆ పిల్ల ఫైలు తీసింది. ఎక్కడికి పంపాలో తెలియని ఫైలు. పెన్ను తీసి, మొదటి పేజీ నుంచి, ఒక్కో అక్షరం మీద మెల్లగా దిద్దడం మొదలుపెట్టింది. 'నాన్న వస్తున్నాడు.' 'చూస్తాడంతే.' 'తలుపుకు బయట గొళ్లెం.' 'ఇక్కడ ఒక ఫ్రెండ్ ఉంది.' ఆ చివరి మాటను రెండుసార్లు దిద్దింది. హెడ్మాస్టరు మాట దగ్గరికి వచ్చి, దాన్ని అడ్డంగా కొట్టేసింది. అయిదు వారాల పాటు దొరకని తీరిక ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఫైలు సొరుగులో పెట్టి తాళం వేసింది. కింద పడ్డ కాగితం ముక్క అక్కడే ఉంది, తీయలేదు. లైటు ఆర్పబోతూ బల్ల వైపు చూసింది. రేకు డబ్బాలో ఏడు పెన్సిళ్లు, మాట్లాడినంతసేపూ ఆ పిల్ల ఒక్కొక్కటిగా చెక్కిపెట్టినవి, సన్నటి మొనలు పైకి పెట్టుకుని నిలబడి ఉన్నాయి.